ఫజ్ర్‌కూ బడి ఆటోకూ మధ్య

ఉదయం ఏడున్నర. వీధి మలుపులో బడి ఆటో హారన్ మోగుతున్నది. ఒక బూటు దొరికింది, రెండవది దొరకలేదు. టిఫిన్ డబ్బా మూత సరిగా పడలేదు. జడ అల్లించుకుంటున్న పిల్ల ఏడుస్తున్నది. ఆ ఏడుపుకు రెండేళ్ళ చిన్నవాడు లేచి తానూ గొంతు కలిపాడు. రెండవ షిఫ్టు ముగించుకొని అర్ధరాత్రి ఇల్లు చేరిన తండ్రి పక్క గదిలో తలగడను చెవులకు అదుముకొని పడుకున్నాడు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు గని కాలనీలలో గానీ, భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్ళలో గానీ చిన్నపిల్లలున్న ఇంటివారికి ఈ దృశ్యాన్ని వర్ణించి చెప్పనవసరం లేదు. మా ఇంట ఇది కొన్నేళ్ళపాటు నిత్యకృత్యం. మాలో ఒకరిది గనిలో షిఫ్టు ఉద్యోగం. మరొకరిది ఇంటి బాధ్యత, నెలకొకసారి ఈ పుట నింపే పని.

ఒక చలికాలపు తెల్లవారుజామున మసీదు నుంచి అజాన్ వినవచ్చింది. ఆరేళ్ళ మా అమ్మాయి కళ్ళు తెరవకుండానే దుప్పటి తలమీదికి లాక్కొని రెండు చెవులూ మూసుకొన్నది. మైకు శబ్దానికి ఉలిక్కిపడిందేమోనని దగ్గరికి తీసుకొని అడిగాము. "అజాన్ అయితే మీరు అరవడం మొదలుపెడతారు కదా, అమ్మీ" అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. బిడ్డ పుట్టిన నాడు ఆ చెవిలో మేము వినిపించిన తొలి పలుకు అజాన్. ఆరేళ్ళు తిరిగేసరికి అదే పిలుపు ఆమెకు తిట్లకు ముందు మోగే గంటగా మారిపోయింది. బూటు దొరకకపోవడం చిన్న విషయం. ఇది చిన్న విషయం కాదు.

అంతకు ముందు మేము ఏ ప్రయత్నమూ చేయలేదని కాదు. గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, 5 గంటలకు లేవడం, 5.15కు వుజూ, 5.30కు నమాజు, ఆపైన ఖురాన్ పఠనం, మక్తబ్ పాఠం, స్నానం అంటూ రంగు పెన్సిళ్ళతో గళ్ళు గీశాము. నాలుగు రోజులకే ఆ కాగితం ఇంటిల్లిపాదినీ దోషులను చేసింది. ఐదవ రోజున చిన్నవాడు దాన్ని చింపి పడవ చేయమని తెచ్చాడు. చేసి ఇచ్చాము.

తరువాత ఆలోచిస్తే తప్పు పిల్లలది కాదనీ, మా గళ్ళదేననీ అర్థమయింది. మన ప్రాంతంలో పొద్దుటి పూట ఒకచోట నిలబడదు. ఖమ్మం పరిసరాలలో జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5.35కే అయిపోతుంది. జనవరిలో 6.40 దాటితే గానీ కాదు. అంటే ఫజ్ర్ వేళ ఏడాదిలో గంటకు పైగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు 8 గంటలకే బడిలో ఉండాలి. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం ఆరంభమైన నాటి నుంచి ఇక్కడి వేలాది ఇళ్ళు సూర్యునితో పాటు గని సైరన్‌నూ చూసుకొని బతుకుతున్నాయి. షిఫ్టు మారితే ఇంట్లో లేచేవారు మారతారు, పడుకొనేవారు మారతారు. మిరప కోతల రోజుల్లో తల్లులు చీకటితోనే ట్రాక్టరెక్కి వెళ్ళిపోతారు. వేసవి రాగానే తునికాకు. రమజాన్ వచ్చిందంటే సహరీ వంట. ఇన్ని కదలికల నడుమ 5.15 అనే అంకె నిలిచేదెట్లా?

అయితే కదలనిది ఒకటున్నది. అది నమాజే మనకు నేర్పింది. అయిదు పూటల వేళలు సూర్యునితో పాటు రోజూ కొంత జరుగుతూనే ఉంటాయి. కానీ ఫజ్ర్ తరువాత జుహ్ర్, జుహ్ర్ తరువాత అస్ర్ అనే వరుస ఎన్నడూ మారదు. నాలుగేళ్ళ బిడ్డకు గడియారం చదవడం రాదు. దీని తరువాత అది అన్న సంగతి మాత్రం చక్కగా తెలుస్తుంది. కథ చెప్పేటప్పుడు ఒక్క మాట దాటవేసి చూడండి, వెంటనే పట్టుకుంటుంది. మేము అంకెలను వదిలి వరుసను పట్టుకొన్నాము. లేవడం, కడుక్కోవడం, పక్క సర్దడం, నమాజు, తినడం, తొడుక్కోవడం, గుమ్మం దాటడం. ఇంతకు మించి ఏమీ లేదు. ఫజ్ర్ ఎప్పుడైతే అప్పుడు, బడి ఎప్పుడైతే అప్పుడు. మక్తబ్ పాఠాన్ని సాయంత్రానికి మార్చమని హాఫిజ్ సాబ్‌ను అడిగాము. ఆయన సంతోషంగా ఒప్పుకొన్నారు. నిద్రమత్తులో అలిఫ్, బే చెప్పించడం తనకూ కష్టంగానే ఉన్నదన్నారు. అందరి ఊళ్ళో ఈ వెసులుబాటు ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం ఏడేళ్ళలోపు పిల్లల పొద్దుటి పూట నుంచి ఒక బరువును దించండి.

ఈ వరుసలో అన్నిటికంటే కష్టమైనది మొదటిదే. దాన్ని గురించి కొంచెం విపులంగా చెబుతాము. గది గుమ్మంలో నిలబడి పేరు పెట్టి కేకవేయడం మనకు అలవాటు. మేము దాన్ని మానుకొన్నాము. మంచం దగ్గరికి వెళ్ళి, పాదం మీద చేయి వేసి, సలాం చెప్పి, నిద్ర నుంచి లేచినప్పటి దుఆను వినీ వినపడనట్లు చదివి, ఒక నిమిషం కూర్చొంటాము. ఆ నిమిషం చాలా పెద్దదిగా తోస్తుంది. పొయ్యి మీద పాలు గుర్తుకొస్తాయి. అయినా కూర్చొంటాము. మా నాయనమ్మ ఇదే పని చేసేది. "లే బిడ్డా, తెల్లారవస్తున్నది, కోడి కూసింది" అంటూ వీపు నిమిరేది తప్ప ఆమె గొంతు పొద్దున్నే పైకి లేవగా మేము ఎరుగము. ఎనిమిది మంది పిల్లల ఇల్లు అది.

హజ్రత్ అనస్ (రజి) దాదాపు పదేళ్ళ ప్రాయంలో దైవప్రవక్త (స) సేవకు వచ్చి, పదేళ్ళు ఆ ఇంట మెలిగారు. ఆ పదేళ్ళలో ఆయన తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని అనస్ పెద్దయ్యాక చెప్పుకొన్నారు. మరొక సంఘటన హదీసు గ్రంథాలలో ఉన్నది. నమాజు చేయిస్తున్న దైవప్రవక్త (స) ఒక సజ్దాలో చాలాసేపు ఉండిపోయారు. వెనుక ఉన్నవారు ఏమయిందోనని కలవరపడ్డారు. నమాజు ముగిశాక తెలిసింది, మనుమడు వీపెక్కి కూర్చొన్నాడనీ, ఆ పసివాని ముచ్చట తీరకముందే తొందరపెట్టడానికి ఆయనకు మనసొప్పలేదనీ. వెనుక జమాఅత్ నిలిచి ఉన్నది, అయినా తొందర లేదు. మన వెనుక నిలిచినదల్లా ఒక ఆటో. ఈ హదీసును మేము ఎన్నోసార్లు విన్నాము, ఇతరులకు చెప్పాము కూడా. పొద్దున ఏడున్నరకు అది మా ఇంటికి వర్తిస్తుందని తోచడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

పక్క సర్దడం అన్నామే, అది మన ప్రాంతానికి తగినట్లు ఏర్పడింది. అడవి అంచున మలేరియా భయం ఉన్నది కనుక ఇంటింటా దోమతెర ఉంటుంది. దాన్ని మడవడం పిల్లల పని అయింది. రెండు కొసలు పెద్దవాడు, రెండు కొసలు అమ్మాయి, నడుమ వేలాడే భాగాన్ని ఎత్తిపట్టడం చిన్నవాని ఉద్యోగం. నిజానికి వాడివల్ల ఆ పని ఆలస్యమవుతుంది. కానీ పని ఉన్నవాడు ఏడవడు. ఆ తరువాత చెప్పులు దులిపి వేసుకోవడం, వుజూకు పెరటిలోకి వెళ్ళేటప్పుడు టార్చి తీసుకువెళ్ళడం. తొలకరి పడ్డాక ఇక్కడ తేలూ పామూ వింత కాదు. రాత్రి పడుకొనే ముందు పక్క దులపమని దైవప్రవక్త (స) బోధించారు, మనం లేనప్పుడు దాని మీదికి ఏమి చేరిందో తెలియదు కనుక. పట్నం పిల్లలకు ఇది ఒక సున్నత్ మాత్రమేనేమో. మా పిల్లలకు దాని కారణం కూడా కళ్ళెదుటే ఉన్నది.

నమాజు విషయంలో తల్లిదండ్రులు తమకు తాము ఒక స్పష్టత ఏర్పరచుకోవాలి. పిల్లలకు ఏడేళ్ళు వచ్చినప్పుడు నమాజు చేయమని చెప్పవలసిందిగా ప్రవక్త ఆదేశం. మూడేళ్ళవాడిని చలిలో బలవంతంగా నిలబెట్టడం భక్తి అనిపించుకోదు. వాడు లేస్తే పక్కన నిలబడతాడు, సజ్దాలో పక్కకు దొర్లుతాడు, జానమాజ్ అంచు లాగుతాడు. లేవకపోతే పడుకోనివ్వండి. ఆరేళ్ళ అమ్మాయికి మేము ఒక్కటే చెప్పాము, నీకు మెలకువ వస్తే మా పక్కన చోటు ఉంటుంది అని. దుప్పటి కింది నుంచి ఆమె ఆ చోటును చాలా రోజులు చూస్తూ ఉన్నది. ఒక రోజు వచ్చింది. మరునాడు రాలేదు. ఎప్పుడు రోజూ రావడం మొదలుపెట్టిందో మాకు గుర్తు లేదు.

ఇక లెక్క చూడాలి. పొద్దున లేపడం గురించి మాట్లాడేవారు రాత్రి లెక్క వేయరు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వారికి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. జనవరిలో ఏడేళ్ళ పిల్లను ఆరింటికి లేపాలంటే తొమ్మిది లోపు కన్ను మూతపడాలి. అది సాధ్యమే. జూన్‌లో చిక్కు. ఇషా వేళ అయ్యేసరికే ఎనిమిది దాటుతుంది. ఫజ్ర్‌కు 5 గంటలకు లేపితే నిద్ర ఎనిమిది గంటలకు మించదు. తక్కువపడిన గంటను మధ్యాహ్నపు కునుకుతో పూరించాలి. పూర్వం పెద్దలు ఖైలూలాను పాటించింది ఊరికే కాదు. ఒంటిపూట బడులూ వేసవి సెలవులూ ఈ ఎండలలో అందుకు అవకాశం ఇస్తాయి. ఆ వేళలో ఫోన్ చేతికివ్వకుండా ఉండగలిగితే పని జరుగుతుంది.

ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తరువాత కబుర్లనూ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని హదీసు. అది పెద్దల మాట. పసివారు ఇషా కోసం ఎదురుచూస్తూ మసీదులోనే నిద్రపోయిన సందర్భమూ హదీసులలోనే ఉన్నది. ఏడేళ్ళలోపు వారిని తినిపించి పడుకోబెట్టడానికి సంకోచించనక్కర లేదు. సూరహ్ అన్‌నూర్‌లో పిల్లలు అనుమతి అడిగి గదిలోకి రావలసిన మూడు వేళలు చెప్పబడ్డాయి: ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత. మర్యాద నేర్పడం దాని ఉద్దేశం. మాకు అందులో ఒక ఇంటి దినచర్య కూడా కనిపించింది. ఇషా తరువాత ఇంటి తలుపు లోపలికి మూసుకొంటుంది. మా ఇంట ఇప్పుడు ఆ సమయానికి టీవీ ఆగుతుంది, బడి సంచి గుమ్మం పక్క మేకుకు చేరుతుంది, ఉతికిన బట్టలు కుర్చీ మీదికి వస్తాయి. బూట్లు రెండూ. రెండూ ఉన్నాయా అని చూడడం తండ్రి పని. ఆయన రెండవ షిఫ్టులో ఉన్న వారం పెద్దవాడు చూస్తాడు.

షిఫ్టు ఇళ్ళలో తండ్రి వంతు ఏమిటన్నది చాలామంది అడిగే ప్రశ్న. మొదటి షిఫ్టు వారంలో ఆయనే ముందు లేస్తాడు కనుక లేపడం ఆయనది. రాత్రి షిఫ్టు వారంలో ఆయన ఇల్లు చేరే వేళకు పిల్లలు బయలుదేరుతుంటారు. గుమ్మం దగ్గర సలాం, ఒక ముద్దు, అంతే. ఆ అరనిమిషం కోసం మా అమ్మాయి వీధి చివర చూస్తూ నిలబడేది. రెండవ షిఫ్టు వారంలో ఆయనకు ఫజ్ర్ తరువాతి నిద్ర కావాలి. ఆ వారం ఇల్లంతా గుసగుసలతో నడుస్తుంది, చిన్నవాడికి అదొక ఆట.

తల్లి మిరప చేనుకు వెళ్ళే ఇళ్ళలో ఈ బాధ్యత ఎవరి మీద పడుతున్నదో మనకు తెలుసు. నాయనమ్మ ఉంటే అదృష్టం. లేకపోతే తొమ్మిదేళ్ళ పెద్దమ్మాయి. తమ్ముళ్ళకు తినిపించి, చెల్లికి జడ వేసి, తాను బడికి ఆలస్యంగా వెళ్ళి తిట్లు తింటుంది. ఇంటి పని నేర్చుకోవడం మంచిదే. ఒక పసిపిల్ల మరొక పసిపిల్లకు తల్లి కావడం మంచిది కాదు. ఆ ఇంట ఆమె వయసు అన్న ఉంటే వాడెందుకు జడ వేయడం నేర్చుకోకూడదు? దైవప్రవక్త (స) తన చెప్పు తానే కుట్టుకొనేవారని గర్వంగా చెప్పుకొనే ఇళ్ళలోనే మగపిల్లవాడు తన పళ్ళెం తాను ఎత్తడు. మా పెద్దవాడు వేసే జడ వంకరగా ఉంటుంది. పిల్ల బడికి అట్లాగే వెళుతుంది.

తిండి గురించి క్లుప్తంగా. పొద్దున్నే పిల్లల చేతికి చాయ్, బిస్కట్లు ఇవ్వడం మన ఇళ్ళలో పెద్ద దురలవాటు. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఖిచిడీ, ఖట్టా వండే తీరిక రోజూ ఉండదు. రాత్రి అన్నంలో పెరుగు కలిపి ఉంచిన చద్దన్నం, ఒక ఉడికించిన గుడ్డు, జొన్న రొట్టె ముక్క, ఏదైనా సరే. రోజూ మారే తిండి కంటే రోజూ ఉండే తిండి మేలు. కూర్చొని, బిస్మిల్లాహ్ చెప్పి, పెద్దవారొకరు పక్కనుండగా తినాలి. మేము ఆటోలో తినిపించి పంపిన రోజులున్నాయి. డబ్బా సాయంత్రం అట్లాగే తిరిగివచ్చేది.

ఒక సంగతి ఇక్కడ గుర్తుకొస్తున్నది. దుమ్ముగూడెం వైపు బంధువుల ఊరికి ఒక మార్చి నెలలో వెళ్ళాము. ఇప్పపూలు రాత్రంతా రాలుతాయి, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఫజ్ర్ అయ్యాక చేను గట్టు మీదికి వెళితే, చెట్టు కింద ఒక కోయ కుటుంబం అప్పటికే వంగి ఏరుతున్నది. మూడేళ్ళ పాపకు కూడా ఒక చిన్న బుట్ట ఉన్నది. ఆ పాప పదిహేను పూలు ఏరి, పది కింద పోసి, మళ్ళీ ఏరుతున్నది. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. చివరకు తల్లి తన గంపను కిందికి వంచింది, పాప తన బుట్టను తానే అందులో కుమ్మరించింది. అంతా కలిసి ఇంటికి నడిచారు. దోమతెర నడిమి భాగం చిన్నవాడికి అప్పగించాలన్న ఆలోచన మాకు ఆ ఉదయం వచ్చినదే.

2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని ఈ ప్రాంతం వారికి తెలుసు. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత నీటిని చూసినవారు లేరు. వంతెన మీద రాకపోకలు ఆపకముందే నది పక్క కాలనీలో ఉండే మా బంధువులు నలుగురు పిల్లలతో మా ఇంటికి చేరారు. కట్టుబట్టలు, ఒక ట్రంకు పెట్టె. పెద్దవారు ఫోన్లు చెవి నుంచి తీయడం లేదు, ఇల్లు ఎంతవరకు మునిగిందోనని. వారి నాలుగేళ్ళ పాప వచ్చిన దగ్గర నుంచి మాట్లాడలేదు. బడులకు సెలవు, బయట వాన. ఏ వేళకు ఏమి చేయాలో ఎవరికీ తెలియని ఉదయం అది.

మా పిల్లలకు తెలుసు. అజాన్ అయ్యాక మా అమ్మాయి లేచి వుజూ చేసుకొని వచ్చి, దోమతెర దగ్గర నిలబడి, ఆ పాపను చూసి చిన్నవాడితో "ఈ రోజు నడుమ ఇద్దరు పట్టుకోండి" అన్నది. పాప కదలలేదు. రెండవ రోజూ కదలలేదు. మూడవ రోజు వచ్చి చిన్నవాని పక్కన తెరను రెండు చేతులతో పట్టుకొన్నది. నమాజులో మా అమ్మాయి పక్కన కూర్చొన్నది, తరువాత చద్దన్నం గిన్నె ముందు అందరితో పాటు కూర్చొన్నది. గిన్నె చాలక ముగ్గురు ఒకే పళ్ళెంలో తిన్నారు. నీరు తీశాక వారు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆ పాప తల్లి ఏమైనా కావాలా అని అడిగితే, ఒక దోమతెర ఇవ్వమన్నది.

ఇప్పుడు మా చిన్నవాడికి ఆరేళ్ళు. అక్క పాదం మీద చేయి వేసి లేపుతుంది, వాడు అయిదు నిమిషాలంటాడు, ఆమె కూర్చొంటుంది. ఈ పుట రాయడానికి కూర్చొన్న ఈ ఉదయం ఆటో హారన్ రెండుసార్లు మోగింది. మేకుకు సంచి ఉన్నది, కుర్చీ మీద బట్టలున్నాయి, బూటు మాత్రం ఒకటే ఉన్నది. రెండవది పిల్లి పెరటిలోకి ఈడ్చుకుపోయింది. దులిపి తొడిగి పంపాము.